రేడియేటర్‌లో పోసిన నీళ్లు

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో బస్సులు ఆగిపోయిన ఒక మధ్యాహ్నం, తార్నాకలో నడిచిపోతున్న ఒకామెను నా చిన్న కారులో ఎక్కించుకున్నాను. ఆమె కూతురు యూనివర్సిటీ క్యాంపస్ హాస్టల్లో ఉందట. కొంతదూరం వెళ్లగానే రేడియేటర్ మరిగి కారు ఆగింది. అందులో నీళ్లు చూసుకునే నా భార్య పోయి నెలయింది.

"జల్ది మూత తీసి సూడు సార్," అందామె.

"వేడి మీద తీస్తే ముఖాన చిమ్ముతుందమ్మా. చల్లారాలి."

క్యాంపస్ వైపు టియర్ గ్యాస్ పేలుతోంది. ఇద్దరం రోడ్డు పక్కన కూర్చున్నాం. ఇంజన్ చల్లారాక ఆమె సంచిలోంచి సీసా తీసింది. గ్యాస్ కొడితే కొంగు తడుపుకోవడానికి తెచ్చుకున్న నీళ్లు.

"మరి మీ కళ్లకు?"

"మండితే మండనీ. బిడ్డ కనవడితే సాలు. పోయ్ సార్."

ఆ నీళ్లతో కారు కదిలింది. క్యాంపస్ గేటు దగ్గర ఆమె దిగి, పొడి కొంగే ముక్కుకు చుట్టుకుని లోపలికి నడిచింది. ఇంటికి వెళ్లి నేను చేసే పనేమీ లేదు. వాళ్లిద్దరూ వస్తారేమోనని ఇంజన్ ఆపి కూర్చున్నాను.