అమ్మ ‘నాన్నా’ అని పిలిచిన ఇంకొకడు

పోయిన మంగళవారం ఉదయం మా అమ్మ కన్నుమూసింది. బోరబండలో ఒక చిన్న ఆసుపత్రిలో పాతికేళ్లకు పైగా నర్సుగా చేసింది. ఆమె మంచితనం గురించి చర్చిలో అందరూ చెప్పారు. నేను నా అసూయ గురించి చెప్పాలి. దాన్ని పక్కన పెడితే అమ్మను గుర్తు చేసుకోవడం నా వల్ల కాదు.

అమ్మది తెనాలి వైపు పల్లె. కుట్లు వేసేటప్పుడు “ఇవాళ ఏం కూర తిన్నావు బాబూ?” అని అడిగి, అవతలివాడు గుర్తు తెచ్చుకునేలోగా సూది దింపేసేది. ఇంటికి రాగానే చేతులు మోచేతుల దాకా రుద్ది కడుక్కుంటే గాని నన్ను ముట్టుకునేది కాదు.

నేను ఇంటర్ చదివేటప్పుడు కత్తికి తెగిన అరచేత్తో మల్లేష్ ఆమె దగ్గరికి వచ్చాడు. నా ఈడువాడే. తండ్రి లేడు. తల్లి హైటెక్ సిటీలో ఒక ఆఫీసులో హౌస్‌కీపింగ్ పనికి తెల్లారకముందే వెళ్లి, చీకటి పడ్డాక వచ్చేది. వాడు అప్పటికే పేటలో కొట్లాటలు పెట్టుకునే ఒక బ్యాచ్‌తో తిరుగుతున్నాడు. కట్టు మార్చడానికి అమ్మ మా ఇంటికే రమ్మంది. గాయం మానాక కూడా ప్రతి ఆదివారం వచ్చేవాడు. కోడికూరలో కాలు ముక్క వాడి కంచంలోకి పోయింది. నన్నొక్కడినే పిలిచే ‘నాన్నా’ అన్న పిలుపూ వాడికి పోయింది.

“వాళ్లతో ఎందుకు తిరుగుతావు నాన్నా?” అని ఒకసారి అడిగింది.

“చెయ్యి తెగిననాడు ఎనిమిది మంది దవాఖానకు ఉరికొచ్చిండ్రమ్మా. అంతకుముందు పది రోజులు జరమొస్తె ఇంట్ల ఒక్కన్నే పండుకున్న. ఏందిరా అని ఎవ్వడు అడగలే.”

“ఆ ఎనిమిది మందే రేపు నిన్ను ఎవరి మీదికో పంపుతారు. అప్పుడేం చేస్తావు?”

వాడు కంచంలోకి చూస్తూ, “అప్పుడు నీ దగ్గరికొస్త,” అన్నాడు.

నేను కంచం పక్కకు నెట్టాను. వాడికి ఎనిమిది మంది ఉన్నారు. అది చాలక మా అమ్మ కూడానా!

అన్నట్టే ఒక శనివారం సాయంత్రం రొప్పుతూ వచ్చాడు. “అమ్మ ఉన్నదా? వాళ్లు రమ్మంటున్రు. నేను పోను.”

డ్యూటీ నుంచి వచ్చిన అమ్మ లోపల నిద్రపోతోంది.

“లేదు. నిన్ను ఇంక రావద్దంది,” అన్నాను.

వాడు గుమ్మంలోంచే వెనక్కి వెళ్లిపోయాడు. నేరుగా వాళ్ల దగ్గరికే పోయాడు. రైల్వే స్టేషన్ పక్కన జరిగిన ఆ గొడవలో ఒకతను కాలు పోగొట్టుకున్నాడు. మల్లేష్ మూడేళ్లు లోపల ఉన్నాడు.

అమ్మ నెలనెలా వెళ్లి చూసి వచ్చేది. “వస్తానన్నాడే, ఆ రోజు ఎందుకు రాలేదో!” అని కళ్లు తుడుచుకునేది. వాడు చెప్పేసి ఉంటాడని నాకు ప్రతిసారీ భయం. నేనైతే చెప్పలేదు, చివరిదాకా.

బయటికొచ్చాక మల్లేష్ క్యాబ్ నడుపుకున్నాడు. నేను ఉద్యోగం వచ్చి నల్లగండ్లకు మారాను. తర్వాత అమ్మకు కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్‌కు తీసుకెళ్లడానికి సెలవు పెడతానంటే, “నీకెందుకురా ఇబ్బంది, వాడున్నాడుగా,” అనేది అమ్మ. నా మంచికే అనేది. అయినా ఒళ్లు మండేది.

సమాధి దగ్గర అందరూ వెళ్లిపోయాక ఇద్దరమే మిగిలాం. ఇక అడగక తప్పలేదు.

“ఆ శనివారం సంగతి అమ్మకు చెప్పావా?”

“చెప్పలే. నేనే రాలేదన్న.”

“ఎందుకు?”

“చెప్తె నీ మీద మనసు విరుగుతుండె. మా అమ్మకు నా మీద విరిగింది, చూసిన కద. ఈమెకు గూడ గట్ల ఎందుకని.”

నాకు సిగ్గేసింది, కృతజ్ఞత కలిగింది. కానీ అన్నిటికంటే ముందు వచ్చింది ఆ పాత అసూయే. అమ్మ మనసును నాకంటే వాడే బాగా చూసుకున్నాడు.

వాడి ఫోన్‌లో బుకింగ్ మోగింది. ఆపేసి, తడి మట్టి పక్కన చతికిలబడి కూర్చున్నాడు. నేను నిలబడే ఉండటం చూసి కొంచెం పక్కకు జరిగి, గడ్డి మీది పూలరేకులను అరచేత్తో తోసి, నాకు చోటు చేశాడు.