మల్లి కాలికి ఐసు

"చేప తక్కువైనా పర్లేదక్కా. ఐసు మాత్రం పెట్టె నిండా వేసుకుని రా" అని మా తమ్ముడు ఫోన్లో చెప్పాడు. ఈ ప్రయాణం అలా మొదలైంది.

మాది అంతర్వేది దగ్గర సముద్రపు ఒడ్డు. మా ఇంట్లో మగవాళ్ళందరూ వేటకి వెళ్ళేవాళ్ళే. తమ్ముడు సత్తిబాబు ఒక్కడికే పడవ ఎక్కితే వాంతులయ్యేవి. అందుకని వయసులోనే ఊరొదిలి, ఆ పనీ ఈ పనీ చేసి, చివరికి గుర్రాల దగ్గర కుదురుకున్నాడు. కొవ్వూరుకి దిగువన గోదావరి గట్టు పక్కన వీర్రాజు గారనే రైతుకి పందెం గుర్రాల శాల ఉంది. అందులో ఉంటాడు. తీర్థం జాతరలో గుర్రప్పందెం చూడ్డానికి రమ్మని ఏటా పిలుస్తాడు, ఏటా నాకు కుదరదు. ఈసారి ఐసు అడిగాడు కదా, ఎవరికో విందు చేస్తున్నాడేమో అనుకుని బయల్దేరాను.

శుక్రవారం పొద్దున్నే రేవుకి వెళ్తే చందువా చేపలు లేవు. కొయ్యంగలు, కాసిని రొయ్యలు తీసుకున్నాను. ఐసు మిషను దగ్గరి మనిషి దిమ్మని నూరి నా థర్మాకోలు పెట్టెలో పోస్తూ, "ఇంత ఐసుకి ఇన్నే చేపలా అత్తా? ఐసు పులుసు పెడతావా ఏంటి?" అన్నాడు.

ఆరింటికి రాజోలు బస్సు దొరికింది. ఆడవాళ్ళకి ఇప్పుడు బస్సు ఉచితం. ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్టు ఇస్తారు. పెట్టెకి మాత్రం కండక్టరు లగేజీ కొట్టాడు. "నువ్వు ఫ్రీయేనమ్మా, నీ చేపలు ఫ్రీ కాదు" అన్నాడు. రాజోలులో దిగి, రావులపాలెం మీదుగా రాజమండ్రి అన్న బోర్డు చదువుకుని రెండో బస్సు ఎక్కాను. నాకు చదవడం యాభై దాటాక వచ్చింది. అంతకుముందు ఇదే స్టాండులో ఏ బస్సు దగ్గరికి వెళ్ళినా "బాబూ, ఇదెక్కడికెళ్తది?" అని అడిగి ఎక్కేదాన్ని. నవ్వుతూ చెప్పేవాళ్ళూ ఉండేవారు, విసుక్కునేవాళ్ళూ ఉండేవారు.

రావులపాలెంలో అరగంట ఆగింది. ఇడ్లీ తిని టీ తాగాను. బస్సు చుట్టూ అరటి గెలల లారీలే. అక్కడ ఎక్కి నా పక్కన కూర్చున్న పెద్దాయన నీళ్ళు కారుతున్న పెట్టె చూసి కాళ్ళు పైకి పెట్టుకున్నాడు.

"ఎక్కడికమ్మా?"

"వీర్రాజు గారి గుర్రాల శాలకండి. మా తమ్ముడు ఉన్నాడక్కడ."

"ఆయన ఎర్ర గుర్రం ఉందే, మల్లి. మొన్నటేడు మా ఊరి గుర్రాన్ని మట్టి కరిపించింది. ఇప్పుడు కుంటిదయిపోయిందంట కదా?"

నాకు తెలియదన్నాను. "అయితే మీ తమ్ముణ్ణే అడుగు" అని ఆయన నిద్రపోయాడు.

రాజమండ్రి చేరేసరికి పదకొండు దాటింది. కోటిపల్లి బస్టాండు బయట షేర్ ఆటో దొరుకుతుంది. కొవ్వూరు వంతెన మీద మేము పైన పోతుంటే కింద రైలు పోయింది. ఆటోతో పాటు ఒళ్ళో ఉన్న పెట్టె కూడా వణికింది. కొవ్వూరులో ఇంకో ఆటో మారి, గట్టు మీద కంకర రోడ్డున వెళ్ళి, మిట్టమధ్యాహ్నానికి శాల ముందు దిగాను.

శాలంటే పెద్దగా ఊహించుకోకండి. రేకుల కొట్టం, వెదురు కట్టలతో విడదీసిన అయిదు గదులు. ముందు ఒక బోరింగు, పక్కన ఇనప బానలో ఉడుకుతున్న ఉలవలు. లద్దె వాసన, తడిసిన గడ్డి వాసన. మొదటి గదిలో ముసలి మగ గుర్రం ఉంది. దాని పేరు జమీందారు. దగ్గరికి వెళ్తే కరుస్తుంది. చివరి గదిలో మల్లి. గోధుమ ఎరుపు ఒళ్ళు, నుదుటి మీద తెల్లటి మచ్చ. నేను వెళ్ళగానే నా కొంగు వాసన చూసి మొహం పక్కకి తిప్పుకుంది.

"చేపలంటే పడదు దానికి, అచ్చం మా బావలాగే" అన్నాడు నూకరాజు. అతను పందెంలో గుర్రం ఎక్కే రౌతు. పొట్టి మనిషి, ముందు పళ్ళు రెండు లేవు. తమ్ముడికి ఏ చుట్టమూ కాదు గానీ బావా అనే పిలుస్తాడు.

తమ్ముడు నా చేతిలో పెట్టె అందుకున్నాడు. క్షేమసమాచారం అడగలేదు. మూత తీసి ఐసు చూసుకుని, చేపల్ని గిన్నెలోకి తోసేశాడు. పొలుసులు మిగిలితే ఏరబోయాను. "ఉండనీ అక్కా, టైము లేదు" అన్నాడు. నూకరాజు భోజనానికి ఊళ్ళోకి వెళ్ళేదాకా ఆగి, నన్ను మల్లి గదిలోకి తీసుకెళ్ళాడు.

"ఈ కాలు పట్టుకో."

పట్టుకున్నాను. చల్లగా, ఎముకలా గట్టిగా ఉంది.

"ఇప్పుడు ఈ ఎడమది."

మోకాలి కింద వెనక నరం ఉబ్బి ఉంది. జ్వరం వచ్చిన పిల్ల నుదురు ముట్టుకున్నట్టుంది.

అప్పుడు చెప్పాడు. మల్లి ఈ ఏడు రెండు తీర్థాలకి వెళ్ళలేదు. మూడోదానికి కూడా వెళ్ళకపోతే అమ్మేస్తానని వీర్రాజు గారు అనేశారు. కొనేది పెళ్ళి ఊరేగింపులకి గుర్రాల్ని తిప్పేవాడు. పోయినేడు అలాగే అమ్మిన ఒక గుర్రాన్ని తమ్ముడు రావులపాలెం సెంటర్లో చూశాడట. వీపంతా పుళ్ళు, వాటి మీద జరీ గుడ్డ. జనరేటరు పక్కన, డప్పుల మధ్య నిలబెట్టారు. "నన్ను చూసి సకిలించిందక్కా. పెళ్ళికొడుకు పడిపోతాడని దాని మూతి మీద కొట్టారు."

"అయితే ఐసు కాలికా?"

"ఆదివారం ఒక్క పరుగు. అది అయితే మళ్ళీ మాఘం దాకా పందేల్లేవు. ఏడాదంతా రెస్టే. నరం అదే సర్దుకుంటది."

"ఐసు చచ్చిన చేపని బతికించదురా. వాసన దాస్తుంది, అంతే" అన్నాను.

"నాకు దాస్తే చాలు" అన్నాడు.

ఎందుకు దాచాలో మర్నాడు తెలిసింది. ఆ రాత్రి ఉలవల బస్తాల గదిలో పడుకున్నాను. ఊళ్ళో లాడ్జీలు లేవు. కావాలంటే కొవ్వూరులో ఉండాలి. తెల్లవారే ముందే లేచి చూస్తే తమ్ముడు మల్లిని గోదాట్లో మోకాలి లోతున నిలబెట్టి ఉన్నాడు. అప్పటికే ఐసు గోనె కట్టి విప్పాడట. మిగతా గుర్రాలు ఇసుక మీద పరుగు తీసి వస్తున్నాయి. నీళ్ళ అంచున ఇసుక తడిసి గట్టిగా ఉంటుంది, అక్కడే నేర్పుతారు. నురగలు కక్కుతూ వచ్చి, ఒళ్ళు కడిగించుకుని, ఉలవలు తింటాయి. డెక్కల్లో ఇరుక్కున్న రాళ్ళు తీయాలి, ఒళ్ళు తోమాలి, లద్దె ఎత్తాలి. నేనూ చీపురు పట్టుకున్నాను.

ఏడింటికి వీర్రాజు గారు మోటారు సైకిలు మీద వచ్చారు. తెల్ల పంచె, మోకాళ్ళ నొప్పులు, నెమ్మదైన మాట. ఆయన ఏ గుర్రం కాలూ ముట్టుకోరు. ఆయన తండ్రి నాటి నుంచి ఆ శాలలో పద్ధతి ఒకటుంది. ఉలవలు పెట్టే మనిషే పొద్దున్నే కాళ్ళు పట్టి చూడాలి, ఆ మనిషి మాటే ఆఖరు. ఆగమంటే ఎంత పెద్ద పందెమైనా ఆగుతారు. వద్దన్న మాటనిగానీ సరేనన్న మాటనిగానీ యజమాని తిరిగి పరీక్షించడు.

"ఏరా సత్తిబాబూ, జమీందారు కాళ్ళు?"

"చల్లగా ఉన్నాయండి."

ఒక్కొక్క గుర్రాన్నీ అలాగే అడిగారు. చివరికి గోదాట్లోంచి వస్తున్న మల్లి దగ్గర ఆగారు. "దీని కాలు పడితే నీ చెయ్యి ఏం చెప్పింది?"

"ఆయ్. చల్లగా ఉందండి."

వీర్రాజు గారి మొహం విప్పారింది. "నాకు తెలుసురా. నువ్వు నిలబెడతావని తెలుసు" అన్నారు. నన్ను చూసి, "మీ తమ్ముడి చెయ్యి బంగారమమ్మా" అన్నారు. నా చేతిలో చీపురుంది. ఊడుస్తూనే ఉన్నాను.

ఆదివారం తొమ్మిదింటికి గుర్రాల్ని వ్యాన్లో తీర్థానికి తీసుకెళ్ళారు. నేను మల్లి పక్కనే కూర్చున్నాను. పెట్టెలో అడుగున మిగిలిన ఐసు మొత్తం గోనెలో చుట్టి తమ్ముడు దాని కాలికి కట్టాడు. దిగే ముందు విప్పి, తువ్వాలుతో తుడిచి, గోనె వ్యాన్లోనే వదిలేశాడు.

తీర్థం అంటే తీర్థమే. జీళ్ళు, గాజులు, రంగులరాట్నం, మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు. పరుగు నది ఎండిన ఇసుక మీద. రెండు వైపులా తాళ్ళు కట్టారు. ఇక్కడి ఇసుక మా తమ్ముడి వాళ్ళు నేర్పే తడి ఇసుక కాదు, కాలు దిగబడే పొడి ఇసుక. నేను ఆ మాట అంటే తమ్ముడు వినలేదు.

నూకరాజు ఎక్కబోతూ ఆగాడు. "బావా, ఒక్క మాట. కాలు నిజంగా బానే ఉందా? నిన్న నువ్వు దాన్ని పరిగెత్తించలేదు."

"చల్లగా ఉందన్నాను కదరా. ఎక్కు."

"నువ్వంటే ఎక్కుతా. పళ్ళు ఇంక మిగిల్లేదు, జాగ్రత్త" అని నవ్వి ఎక్కాడు.

గుర్రాలు అయిదు బయల్దేరాయి. మల్లి అంత పరుగు తీస్తుందని నేను అనుకోలేదు. సగం దూరానికి అన్నిటికంటే ముందుంది. జనం కేకలు. వీర్రాజు గారు పంచె ఎగ్గట్టుకుని తాడు వెంట పరిగెత్తారు. తమ్ముడు కదల్లేదు. పెదాలు మాత్రం కదుపుతున్నాడు. పందెం ముగిసే చోట కట్టిన తాడు కనపడుతుండగా మల్లి ముందరి ఎడమ కాలు ఇసుకలో దిగింది, పైకి రాలేదు. నూకరాజు దాని తల మీదుగా ఎగిరి పడ్డాడు. మిగతా నాలుగూ పక్కనుంచి పోయాయి.

మేము చేరేసరికి అది లేచి నిలబడింది. మూడు కాళ్ళ మీద. నాలుగో కాలు మోకాలి కింద ఊగుతోంది. అది అరవలేదు. తమ్ముడి చొక్కా జేబు దగ్గర మూతి పెట్టింది. రోజూ అక్కడ బెల్లం ముక్క ఉంటుంది.

నూకరాజుకి భుజం ఎముక విరిగింది. అతన్ని ఆటోలో వేసి ఆస్పత్రికి పంపించారు. వెళ్తూ తమ్ముడి వైపు చూశాడు గానీ బావా అనలేదు.

పశువుల డాక్టరు కోసం చూస్తుండగా, వీర్రాజు గారు నొప్పి మోకాళ్ళు వంచి ఇసుకలో కూర్చున్నారు. తన శాల గుర్రం కాలు ఆయన ముట్టుకోవడం అదే మొదటిసారి. మెల్లగా నిమిరారు. కాలి వెంట్రుకల్లో ఏదో మెరిస్తే గోటితో తీసి, అరచేతిలో పెట్టుకుని ఎండలో చూశారు. చేప పొలుసు.

ఆయన తలెత్తి నన్ను చూశారు. తర్వాత వ్యాన్లో ఉన్న తెల్ల పెట్టెని చూశారు. తమ్ముడి వైపు మాత్రం చూడలేదు. పొలుసు విదిలించి, చెయ్యి పంచెకి తుడుచుకుని లేచారు.

డాక్టరు వచ్చి చూసి, చేసేదేమీ లేదన్నాడు. సూది వేసేటప్పుడు తమ్ముడే దాని తల ఒళ్ళో పెట్టుకున్నాడు. చుట్టూ టార్పాలిన్లు పట్టుకున్నారు. జీళ్ళ కొట్లవాళ్ళు కాసేపు మైకు ఆపారు. సాయంత్రం పొక్లెయినుతో గట్టు అవతల గొయ్యి తీయించి పూడ్చారు.

సోమవారం తెల్లవారాక నేను బయల్దేరడానికి సిద్ధమయ్యాను. ఏడింటికి మోటారు సైకిలు చప్పుడు వినిపించింది. తమ్ముడు అప్పటికే నాలుగు గుర్రాల కాళ్ళూ పట్టి చూసి, బకెట్టుతో గుమ్మంలో నిలబడ్డాడు. చెప్పడానికి సిద్ధంగా ఉన్నాడు. వీర్రాజు గారు అడగలేదు. అతని పక్కనుంచి లోపలికి వెళ్ళి, వెదురు కట్ట పట్టుకుని, జమీందారు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. అది ఆయన భుజం కరవబోయింది. ఒక కాలు చూశారు, రెండోది చూశారు. లేవలేక కట్ట పట్టుకుని లేచి, పక్క గదికి వెళ్ళి మళ్ళీ కూర్చున్నారు. నాలుగు గుర్రాలకీ అంతే. ఒక్క తిట్టు లేదు.

ఆటో దాకా తమ్ముడు పెట్టె మోశాడు.

"వచ్చెయ్యరా, మనింటికి."

"పొమ్మనలేదు కదక్కా."

"ఉండమనీ అనలేదు."

"ఉలవలు ఎవరుడకబెడతారు మరి?" అన్నాడు. పెట్టె నా ఒళ్ళో పెట్టి వెనక్కి తిరిగాడు.

వంతెన దాటి, రాజమండ్రిలో బస్సెక్కి, రావులపాలెంలో మళ్ళీ టీ తాగాను. రాజోలు దాటాక మొదటి రోజు కండక్టరే కనిపించాడు. పెట్టె ఎత్తి చూసి, "ఖాళీయా? అయితే దీనికి టికెట్టు లేదులే. చేపలు నచ్చాయా మీవాళ్ళకి?" అన్నాడు. ఆ చేపలు వండనే లేదన్న సంగతి నాకు అప్పుడే గుర్తొచ్చింది.

మీలో ఎవరైనా ఆ శాల చూడాలనుకుంటే కొవ్వూరులో ఉండి, పొద్దున్నే ఆటోలో వెళ్ళండి. నీళ్ళ అంచున గుర్రాల పరుగు బాగుంటుంది. ఆ తర్వాత ఒక పెద్దాయన ఒక్కొక్క గుర్రం ముందూ కష్టపడి కూర్చుని లేవడం కనిపిస్తుంది. పక్కన బకెట్టు పట్టుకుని నిలబడ్డవాడు మా తమ్ముడు. అతన్ని ఏమీ అడగకండి.