ఆ రాణి ఏమందో మా విజయక్కే చదివి చెప్పింది

మా చిన్నప్పుడు... ఒక రాజుని పొడవాలా, వదిలెయ్యాలా అని మా ఇంట్లో పెద్ద గొడవ జరిగింది.

రాజు కంప్యూటర్‌లో ఉన్నాడు లెండి. రామచంద్రపురంలో కంప్యూటర్ సెంటర్ నుంచి మా రవన్నయ్య తెచ్చిన గేమ్ సీడీ అది. చావబోతున్న రాణిని బతికించుకోవడానికి ఆ రాజు ఒక రాక్షసుడితో ఒప్పందం చేసుకుంటాడు. ఆవిడ బతుకుతుంది, కానీ గాజుకోట దాటి బయటికి రాలేదు. రాజ్యంలో చెట్లు ఎండిపోతాయి, జనం ఊళ్లు వదిలి పోతుంటారు. చివర్లో కత్తి మన చేతికిస్తారు. రాజుని పొడిస్తే రాణి కూడా పోతుంది. పొడవకపోతే జనం పోతారు.

"పాపమే... పెళ్లాం కోసమేగా చేశాడు!" అని అన్నయ్య.

"ఊళ్లకి ఊళ్లు ఎండబెట్టాక ఇంకా పాపమేంట్రా? పొడిచెయ్!" అని నేను.

ఒక్కచోట కుదురుగా కూర్చోలేని వయసు నాది... వాడు మౌస్ పట్టుకుని ఆలోచిస్తుంటే నాకు ఒళ్లు మండిపోయేది. కరెంటు పోతే మళ్లీ వెనక్కి వెళ్లి ఆడాలి. ఆ భయం ఒకటి.

నిజానికి ఇంట్లో అందరం అలాగే ఉన్నాం అప్పుడు... కాలు కాలిన పిల్లుల్లా. కారణం మా విజయక్క.

అక్కకి ఆ వేసవిలోనే పెళ్లయింది. బావది జంగారెడ్డిగూడెం, పామాయిల్ తోటలున్నాయి. బీఎస్సీ ఆఖరి సంవత్సరం మా ఇంట్లో ఉండి పూర్తి చేస్తానని అక్క పెళ్లిచూపుల్లోనే చెప్పింది. అందరూ సరేనన్నారు. ఆషాఢం రాగానే కొత్త పెళ్లికూతురు కాబట్టి పుట్టింటికి వచ్చింది. పుస్తకాలకి అట్టలు కూడా వేసుకుంది.

ఆషాఢంలో అల్లుడు అత్తారింటి గడప తొక్కకూడదు కదా... అందుకని బావ రామచంద్రపురం బస్టాండుకి వచ్చి నాన్నగారికి కబురు పెట్టాడు. ప్రతి వారం ఇక్కడికీ అక్కడికీ అంత దూరం బస్సుల్లో ఏం నలిగిపోతుందండీ, చదువు వద్దులెండి అన్నాడట. నాన్నగారికీ నిజమే అనిపించింది. అట్నుంచటే ఇద్దరూ కాలేజీకి వెళ్లి, నాన్నగారు సంతకం పెట్టి టీసీ తీసేసుకున్నారు. ఇంట్లో ఉన్న అక్కకి ఆ సంగతే తెలియదు! కాలేజీ తెరిచిన రోజు గుమాస్తా చెబితే తెలిసింది.

"ఎంత ప్రేమో చూడవే!" అంది అమ్మ. శ్రావణం వచ్చింది. ఎప్పుడు బయల్దేరతావని అందరూ అక్కని అడుగుతున్నారు. బావ ఫోన్ చేస్తే లైన్లోకి రాదు. అసలు వెళుతుందా, వెళ్లదా... ఎవరికీ తెలియదు.

ఆ రోజు మధ్యాహ్నం గేమ్‌లో రాణి కనపడింది. తెర నిండా ఇంగ్లీషు. అన్నయ్యకి సగం కూడా అర్థం కాక బటన్ నొక్కేయబోయాడు. "ఆగరా!" అని వాడి చెయ్యి పట్టుకుని అక్కని కేకేశాను. వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, నిలబడే చదివింది.

"బతికించమని నేనడగలేదు, వెళ్లిపోనివ్వమని అడిగాను, ఆయన వినిపించుకోలేదు... అంటోంది."

అన్నయ్య, నేను మొహమొహాలు చూసుకున్నాం. అన్నాళ్లూ రాజు గురించే కొట్టుకున్నాం మరి. రాణికి కూడా ఒక మాట ఉంటుందని మా ఇద్దరికీ తోచలేదు.

పడక్కుర్చీలో పేపరు చదువుతున్న నాన్నగారు తల ఎత్తకుండానే అన్నారు... "ఎంతైనా ప్రేమతోనే కదమ్మా చేశాడు."

"మీరూ ప్రేమతోనే పెట్టారు కదండీ నాన్నగారూ, సంతకం."

మా ఇంట్లో నాన్నగారికి ఎవరూ అలా ఎదురు చెప్పలేదు అప్పటిదాకా. ఆయన పేపరు మడిచారు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. అమ్మ తీసి, బావే అన్నట్టు సైగ చేసింది. అక్క గబగబా వెళ్లి రిసీవర్ లాక్కుంది.

"నా మీద ప్రేమ లేదని నేననట్లేదండీ... నన్నడగలేదంటున్నాను. ఆ టీసీ పట్టుకుని రండి. మళ్లీ చేర్పించండి." నాకు ఏడుపొచ్చేసింది.

కరెంటు ఎప్పుడు పోయిందో కూడా మేం చూసుకోలేదు.

మర్నాడు పొద్దున్న బస్సుకే బావ వచ్చాడు, టీసీ పట్టుకుని. మొహం పీక్కుపోయి ఉంది. నాన్నగారు, బావ, అక్క కాలేజీకి వెళ్లారు. మధ్యాహ్నానికి వచ్చేశారు. చేర్చుకునే గడువు దాటిపోయిందట, వచ్చే ఏడాది చూద్దామన్నారట. బావ రెండు చేతులూ జోడించి బతిమాలాడని నాన్నగారు చెప్పారు.

వరలక్ష్మీ వ్రతం అయ్యాక అక్క జంగారెడ్డిగూడెం వెళ్లిపోయింది. ఆ వచ్చే ఏడాదికి కడుపుతో ఉంది. ఆ తర్వాత చదువు మాట ఎవరూ ఎత్తలేదు.

అక్కని తీసుకెళ్లిన రోజు బస్టాండులో బావ నన్నడిగాడు... "నీక్కూడా నా మీద కోపమేనా మరదలా?"

ఏం చెప్పను? గేమ్‌లో అయితే కత్తి ఉంది. బావ నిజంగా మంచివాడు. ఇప్పటికీ అంతే. అందుకే నా కోపం ఎటు పోవాలో తెలియక ఇన్నేళ్లుగా లోపలే తిరుగుతోంది.

మొన్న వాళ్లమ్మాయికి ఇంటర్ అయిపోయింది. బావ దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగాడు... "ఏం చదువుతావు, ఏ ఊళ్లో చదువుతావు... నీ ఇష్టం తల్లీ. నువ్వు చెప్పాకే సంతకం పెడతాను." కాలం ఎంత మారిందో అని అందరం మురిసిపోయాం. అక్క కూడా నవ్వింది. నవ్వుతూనే లేచి, కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లింది. చాలాసేపటి దాకా రాలేదు.

మీ ఇళ్లల్లోనూ ఉండే ఉంటారు... మంచివాళ్ల చేతుల్లోనే చదువు ఆగిపోయిన అక్కలు, పిన్నులు, అత్తలు. వాళ్ల గురించి కింద రాయండి. ఏం చదువుతూ ఆగిపోయారో అది కూడా రాయండి, ఒక్కసారైనా ఎవరో ఒకరు చదువుతారు.

మా విజయక్కది బోటనీ.