మేడ మీద నీళ్లతొట్టి

ఆ ఎండాకాలం సంయుక్త చేతులు ఖాళీగా ఉన్నది లేదు. చిక్కడపల్లిలోని కిరాయి ఇంట్లో కిటికీలకు తనే రంగు వేసింది, కూలర్‌కు కొత్త గడ్డి తనే కట్టింది. చున్నీ నడుముకు బిగించిందంటే పని మొదలైనట్టే. పెదవుల మధ్య ఎప్పుడూ ఒక మేకు ఉండేది. రెండేళ్ల కొడుకు హర్ష దగ్గరే ఆమె నేర్పు పనిచేయలేదు. బాత్రూంలో జారిపడ్డ రోజు నుంచి వాడు నీళ్లు చూస్తేనే కెవ్వుమనేవాడు. ఆ భయం పోగొట్టాలని మేడ మీద ఇటుకలు పేర్చి, సుల్తాన్ బజార్ నుంచి తెచ్చిన నీలం ప్లాస్టిక్ పట్టా పరిచి తొట్టి కట్టింది. మొదటిసారి నీళ్లన్నీ కారిపోయాయి. మడతలు సరిచేసి మళ్లీ నింపితే నిలిచాయి. అయినా హర్ష ఆమె మెడ వదల్లేదు. వాడిని కింద దింపి, సంయుక్త తనే వెళ్లి నీళ్లలో కూర్చుంది.

అప్పుడే పని నుంచి వచ్చిన భర్త ప్రేమ్‌సాగర్ మెట్ల దగ్గర ఆగిపోయాడు. "ఏందిది, బట్టలతోనే కూసున్నవ్?"

"జర ఆగు. వాన్ని పిలవకు, నా దిక్కు చూడనీ."

ఆమె అరచేత్తో నీళ్లు తడుతూ నవ్వింది. హర్ష ఒక వేలు ముంచాడు. తర్వాత ఒక కాలు. ఆఖరికి ఆమె ఒళ్లో దబ్బున కూర్చుని, దగ్గరికొచ్చిన తండ్రి ఇస్త్రీ చొక్కా నిండా నీళ్లు చిమ్మాడు. పొద్దుగూకాక వాడిని బయటికి తీయడానికి ఇద్దరూ కావాల్సి వచ్చింది. ఇంట్లోకి రానని వాడు ఏడుస్తుంటే, తడిసి ముద్దయిన సంయుక్త పకపకా నవ్వుతూనే ఉంది.