తొమ్మిదణాల వెండి

నాగులమ్మకు అక్షరం ముక్క రాదు. కానీ గీటురాయి మీద గీసిన గీతను ఆమె చదివినట్టు చదివేవాళ్లు చుట్టుపక్కల మూడు తాలూకాల్లో లేరు. మక్తల్‌లో కంసాలి పని చేసే అవుసలవాళ్ల ఇంట్లో పుట్టింది. తండ్రి రాయి మీద గీత గీసి "ఎంతుంది బిడ్డా?" అని అడిగితే, ఏడేళ్ల వయసులోనే అణాల్లో చెప్పేది. పదహారణాలంటే మేలిమి. పదమూడంటే పదహారు పాళ్లలో మూడు పాళ్లు రాగి కలిసినట్టు.

పెళ్లయి కోస్గికి వచ్చాక ఆ విద్య మొగుడికి అక్కరకొచ్చింది. ముప్పై ఏళ్లు కుంపటి ముందు కూర్చుని ఎల్లస్వామికి చూపు మందగించింది. అతని వేళ్లు పనిచేసేవి, ఆమె కళ్లు చూసేవి. ఊరికి మాత్రం ఆ ఇంట్లో అవుసలాయన ఎల్లస్వామే. నాగులమ్మ పక్కన కూర్చుని గొట్టం ఊదే ఆడమనిషి, అంతే.

పంతొమ్మిది వందల యాభై తొమ్మిదో సంవత్సరం ఎండాకాలంలో గోపమ్మ అనే రైతుబిడ్డ జత కడియాలు పట్టుకొచ్చింది. ఐలేశం సావుకారి దుకాణంలో కొన్నవి. లోపలి వైపు 'అసల్' అని ముద్ర ఉంది. కాలికి బిగుతయ్యాయి, కొంచెం సాగదీయమంది. నాగులమ్మ ఒక కడియాన్ని నిప్పుల మీద పెట్టింది. చూస్తుండగానే అది పెనం అడుగులా నల్లబడింది.

"గట్ల నల్లగైతాందేందక్కా?" అంది గోపమ్మ కంగారుగా.

"వెండి తక్వ, రాగి ఎక్వ చెల్లే. పైన కనవడ్డ తెలుపు చింతపులుసుల ఉడకబెడితే వచ్చిన తెలుపు. లోపట గా తెలుపు లేదు."

గోపమ్మ ఆ కడియాలు పట్టుకుని నేరుగా దుకాణానికి పోయింది. ఐలేశం కోప్పడలేదు. నలుగురూ వినేట్టు నవ్వాడు.

"నేను అమ్మింది అసల్ వెండే. రాయి మీద గీసి చూసే కొన్న. మంటల పెట్టినంక ఏం మార్చిన్రో ఎవలికెరుక? కన్నతల్లి ముక్కుపుల్లల కూడ ఇంత గీక్కునే జాతి గది."

పొద్దుగూకేసరికి ఆ మాట ఊరంతా తిరిగింది. వారం రోజులు వాళ్ల గడప ఎవరూ తొక్కలేదు. చేయించుకోవడానికి ఇచ్చిన పుస్తెలను కూడా ఒకరు వచ్చి వెనక్కి పట్టుకుపోయారు.

"నువ్వు ఊకుంటే అయిపోయేది కదనే," అన్నాడు ఎల్లస్వామి.

"ఊకుంటే దొంగలమని ఒప్పుకున్నట్టే," అని ఆమె కొంగు బిగించి సర్పంచ్ గుర్వయ్య ఇంటికి నడిచింది.

"అంగట్ల, అందరి ముంగట తేల్చుండ్రి," అంది. "నా కొలిమి వద్దు, నా నిప్పు వద్దు. సావుకారి ఇంక అమ్మకుండ ఉంచిన కడియం ఒకటి దుకాణంల నుంచి మీరే తియ్యుండ్రి. మీకెవలి మీద నమ్మకముంటే వాళ్ల చేతుల పెట్టుండ్రి."

గుర్వయ్య ఐలేశాన్ని పిలిపించాడు. అతను తడుముకోకుండా ఒప్పుకున్నాడు. పైగా మనిషిని కూడా తనే చెప్పాడు: నారాయణపేట చోటే మియా. అవుసల కొలుముల దగ్గర ఊడ్చిన దుమ్మును కడిగి, అందులోని వెండి బంగారాలను పుటం పెట్టి తీసే ముసలాయన. ఆయన తేల్చిన లెక్కను ఎంత పెద్ద వ్యాపారీ కాదనడు. సరుకు కొన్నప్పుడు రాయి మీద తెల్లగా వచ్చిన గీతను ఐలేశం తన కళ్లతో చూశాడు. అదీ అతని ధీమా.

అంగడి నాడు జనం గుమిగూడారు. చోటే మియా కుంపటి వెలిగించి, ఎముకల బూడిదతో చేసిన చిన్న మూసను నిప్పుల్లో పెట్టాడు. తర్వాత నాగులమ్మ వైపు తిరిగాడు.

"బిడ్డా, ముందుగాల నువ్వు చెప్పు. మంట చెప్పినంక అందరు చెప్తరు."

ఆమె దుకాణం నుంచి తెచ్చిన కడియాన్ని రాయి మీద గీసింది. గీత మల్లెపువ్వులా వచ్చింది. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. ఐలేశం మీసం సవరించుకున్నాడు.

నాగులమ్మ తొందరపడలేదు. ఆకురాయి తీసుకుని కడియం మీద ఒక్కచోటే గట్టిగా రాసింది. తెల్లటి పొర లేచిపోయి గాటు లోతుగా పడింది. ఆ గాటు అంచును మళ్లీ రాయి మీద గీసింది. ఈసారి గీతలో ఎరుపు తేలింది. దాని పక్కనే తన చేతి కడియాన్ని గీసింది. అది పన్నెండణాలని ఆమెకు తెలుసు. రెండు గీతలనూ ఎండకు పెట్టి చాలాసేపు చూసింది.

"తొమ్మిదణాలు," అంది.

చోటే మియా ఆ గాటు దగ్గర కడియాన్ని కోసి, గింజకు ఒక అణా లెక్కన పదహారు గురిగింజల ఎత్తు ముక్క తూచాడు. అందరికీ కనబడేలా గింజలు ఒక్కొక్కటే తక్కెడలో వేశాడు. ముక్కను సీసంతో కలిపి మూసలో పెట్టి తిత్తి ఊదించాడు. సీసం కరిగి, రాగిని తనలో కలుపుకుని బూడిదలోకి ఇంకిపోసాగింది. గంటకు పైగా ఎవరూ కదల్లేదు. చివరికి మూసలో ఒక చుక్క తళుక్కుమని మెరిసి నిలిచింది. కల్తీ అంతా పోయి మిగిలిన మేలిమి అది.

చల్లారాక దాన్ని తక్కెడలో వేశాడు. అవతల ఎనిమిది గింజలు వేస్తే చాలలేదు. తొమ్మిదోది వేస్తే గింజల వైపు వెంట్రుకవాసి దిగింది.

"తొమ్మిదికి జరంత తక్వ," అన్నాడు చోటే మియా. ఆమె వైపు చూసి తల ఊపాడు. "నలభై ఏండ్ల సంది పుటం పెడ్తున్న. మంట లేకుండ గింత దగ్గర చెప్పినోళ్లను చూడలే."

ఒక్కసారిగా అంగడంతా అరుపులతో నిండిపోయింది. వెనకాల గట్టు మీద కూర్చున్న ఎల్లస్వామికి ఏమీ కనబడలేదు. "ఏమైంది? ఏమన్నడు?" అని పక్కవాళ్ల చేతులు పట్టుకుని అడుగుతున్నాడు. గోపమ్మ పరుగున వచ్చింది.

"నీ పెండ్లాం గెలిచింది బావా!"

అతను లేచి నిలబడ్డాడు. కళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

ఐలేశం ముఖం పాలిపోయింది. "నాకు మాలిచ్చినోడు నన్నే మోసం జేసిండు," అన్నాడు.

"నిన్ను మోసం జేసిందెవలో నాకు తెల్వదు. నన్ను తిట్టింది మాత్రం నీ నోరే," అంది నాగులమ్మ.

"నా నోరే," అన్నాడు ఐలేశం. "తప్పయింది నాగులమ్మా."

జుర్మానా వేయాలని నలుగురూ కేకలు పెట్టారు. గోపమ్మ సొమ్ము వాపసు ఇప్పించాక, ఇంకేం కావాలని గుర్వయ్య నాగులమ్మను అడిగాడు.

"జుర్మానా నేనేం జేసుకుంట? ముద్ర గావాలె. తక్వ వెండి అమ్ముడు తప్పు గాదు. తక్వదాన్ని ఎక్వని చెప్పుడు తప్పు. గీ అంగట్ల అమ్మే ప్రతి కడియం మీద ఎన్నణాలో కొట్టాలె. చదువురానోళ్లకు కూడ తెల్వాలె."

పంచాయితీ ఆ రోజే తీర్మానం చేసి, ముద్ర కొట్టే పని నాగులమ్మకే అప్పగించింది. ఉక్కుముక్కలను వేళ్లతో తడుముకుంటూ ఎల్లస్వామి రెండు ముద్రలు చెక్కాడు. నాలుగణాల పావలాకు ఒక చుక్క, అణాకు ఒక గీత. పన్నెండణాలకు మూడు చుక్కలు. చీకట్లో వేలుపెట్టి తడిమినా లెక్క తెలుస్తుంది.

మొదట వరుసలో నిలబడింది ఐలేశమే. మిగిలిన కడియాలన్నిటినీ గీసి చూసి నాగులమ్మ రెండు చుక్కలు, ఒక గీత కొట్టింది. తొమ్మిదణాల ధరకే అతను వాటిని అమ్మాడు. వెండి ఎన్నడూ పెట్టుకోని కూలి ఆడవాళ్లు, కొంటున్నదేమిటో తెలిసే కొనుక్కున్నారు. రెండు వారాల్లో దుకాణం ఖాళీ అయింది.

అరవై మూడులో పద్నాలుగు క్యారెట్లు మించిన బంగారంతో కొత్త నగలు చేయకూడదని సర్కారు కట్టడి పెట్టింది. ఎన్నో ఊళ్లలో అవుసలవాళ్లు కొలుములు ఆర్పి కూలికి పోయారు. కోస్గిలో ఒక్క కొలిమీ ఆరలేదు. అప్పటికే మహబూబ్‌నగర్ దాకా 'చుక్కల వెండి' కావాలని అడిగి కొనేవాళ్లు. ఊళ్లోని ఆరు అవుసల ఇళ్లవాళ్లూ వెండి పనిలోకి దిగారు. వాళ్లకు గీత చదవడం నేర్పింది నాగులమ్మే.

ఒకరోజు ఎల్లస్వామి పదమూడణాలని చెప్పి తను చేసిన కడియం ఇచ్చాడు. ఆమె ఆకురాయితో గీకి, రాయి మీద గీసి చూసి, ముద్ర కొట్టి ఇచ్చింది. అతను బొటనవేలితో తడిమాడు.

"చుక్కలు మూడున్నయి. గీత ఏదే?"

"అణా తక్వుంది."

"మొగునిది కూడ ఇడ్సవా?"

"మొగునిదైతే రెండుసార్లు గీకి చూసిన."

ఎల్లస్వామి పొట్ట పట్టుకుని నవ్వాడు. వాడకట్టు వాళ్లు ఏమైందోనని తొంగిచూశారు. అతను ఆ కడియాన్ని తీసి మూసలో పడేసి, తిత్తి మీద చెయ్యేశాడు.