పెనుకొండ బడి లాంగ్ బెల్లు

దయ్యాలను నేను నమ్మను. బడులకు, ఆస్పత్రులకు, గ్రంథాలయాలకు నూరేళ్ళ సంచికలు రాసిపెట్టే పని నాది. బతికున్న పెద్దమనుషులను ఫోటో సైజు దగ్గర సముదాయించేసరికే ఓపిక అయిపోతుంది. పోయినవాళ్ళ సంగతి చూసే తీరిక లేదు.

ఆ మధ్య పెనుకొండలో ఒక పాత హైస్కూలు సంచిక ఒప్పుకున్నాను. హిందూపురం నుంచి పొద్దున్నే బస్సులో పోయి, పాత విద్యార్థుల మాటలు ఫోన్లో రికార్డు చేసుకొచ్చి, ఇంట్లో కూర్చుని రాసుకునేవాణ్ణి.

ఎవరిని కదిపినా హెడ్మాస్టర్లు గుర్తులేరు. లెక్కలసారు దెబ్బలు కొంత గుర్తు. అందరికీ గుర్తున్నది మాత్రం గంట. వరండా దూలానికి వేలాడే రైలుపట్టా ముక్క, దాన్ని కొట్టే అటెండరు ఓబన్న. సాయంత్రం ఇంటికి వదిలే లాంగ్ బెల్లు ఆయనదొక తీరట. రెండు దెబ్బలు కొట్టి, కాస్త ఆగి, ఆ తర్వాత గణగణా ఆపకుండా. ఆ ఆగిన కాసేపట్లోనే పుస్తకాలన్నీ సంచుల్లో పడిపోయేవట.

ఇప్పుడక్కడ కరెంటు బెల్లు. పట్టా ముక్క ఏమైందో ఎవరికీ తెలియదు. ఓబన్న పోయి చాలా ఏళ్ళయింది.

ఆయన కూతురు రామక్కవ్వ ధర్మవరంలో ఉందంటే వెళ్ళాను. సంచిక కమిటీ కార్యదర్శి కూడా వెంట వచ్చాడు. ఆయన షరతు ఒకటే: ఫోటో లేనిదే పేజీ లేదు.

"ఫోటో యాడిదప్పా?" అంది అవ్వ. "అందరికీ గ్రూపు ఫోటో తీస్తాంటే మా నాయన గంట కాడనే నిలబడుకున్న్యాడు. ఇప్పుడు ఆ మొగం నాకే మసకైపోతాండాది. నేను గూడా పోతే, మా నాయన ఉన్న్యాడని చెప్పేదానికి ఇంగ ఏముండాది?"

కార్యదర్శి గోడకేసి చూశాడు. గోడకు క్యాలెండరు తప్ప ఏమీ లేదు.

మరుసటి రోజు మధ్యాహ్నం ఇంట్లో అవ్వ మాటల రికార్డింగు పెట్టుకుని రాస్తున్నాను. ఫ్యాను చప్పుడు, పక్కగదిలో అవ్వ కొడుకు మగ్గం చప్పుడు, అవ్వ గొంతు. "ఇంగ ఏముండాది?" అన్న తర్వాత కాసేపు మౌనం.

ఆ మౌనంలో రెండు దెబ్బలు. ఆగింది. ఆ తర్వాత గణగణా.

వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది. "ఏమప్పా, బడి అప్పుడే ఇడిచిపెట్టినారా?"

మా ఇంటి దరిదాపుల్లో బడి లేదు.

కార్యదర్శికి ఫోన్ చేసి, మనమున్నప్పుడు అక్కడ గంటేమైనా మోగిందా అని అడిగాను. "లేదే. ఏం సార్, ఎండలో తిరిగినారా?" అన్నాడు.

మర్నాడు మళ్ళీ ధర్మవరం పోయాను. కొడుకు మగ్గం ఆపి వచ్చాడు. అవ్వ పట్టుదారం కండెలు చుడుతోంది. ఫోన్ ఆమె చెవి దగ్గర పెట్టాను. రెండు దెబ్బలు పడ్డాయి. గంట ఆగిన ఆ కాసేపట్లో అవ్వ ఒళ్ళోని కండెలన్నీ గబగబా బుట్టలో వేసి, కొంగు సర్దుకుని, లేచి నిలబడింది.

అప్పుడు గణగణా.

"మా నాయన చెయ్యే" అంది.

కొడుకు ఇంకోసారి పెట్టమన్నాడు. పెట్టాను. ఫ్యాను, మగ్గం, అవ్వ మాట, మౌనం. గంట లేదు. వెనక్కి జరిపాను, సౌండు పెంచాను. లేదు.

"ఊరికే ఎందుకు నొక్కుతాండావప్పా?" అంది అవ్వ, నిలబడే. "లాంగ్ బెల్లు దినానికి ఒకసారే గదా కొట్టేది."

ఓబన్నకు పేజీ వచ్చింది. ఫోటో అవ్వది. కూచోమంటే కూచోలేదు, నిలబడే దిగింది. కార్యదర్శి ఎందుకో పేచీ పెట్టలేదు.

ఫోన్లో లోపమేమో అనుకున్నాను. నా చెవినైతే అనుమానించగలను. మా ఆవిడ చెవిని అనుమానించే ధైర్యం ఈ వయసులో లేదు.

ఇప్పటికీ బడి విడిచే వేళకు అప్పుడప్పుడూ ఆ రికార్డింగు పెడతాను. "ఇంగ ఏముండాది?" అంటుంది అవ్వ. ఆ తర్వాత ఏమీ ఉండదు. అయినా ఆ కాసేపట్లో పెన్ను మూసి, కాగితాలు సర్దేసుకుంటాను. ఎందుకని అడిగితే చెప్పలేను.