ఫోల్క్స్‌వాగన్ అని పలికించిన అక్క

మా నర్సక్క పోయిందని మొన్న ఆదివారం ప్రార్థన ముగిసే వేళకు వాకాడు నుంచి కబురొచ్చింది. నిద్రలోనే పోయిందట. మీలో చాలామందికి ఆమె తెలియదు. ఆ తీరం వెంబడి పల్లెల్లో ఎందరినో తన చేతులతో భూమ్మీదికి తెచ్చిన మనిషి. నాకు పని నేర్పిన మనిషి.

అరవైల మొదట్లో మేమిద్దరం ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో నర్సులం. అక్క నాకంటే చాలా పెద్ద. కోపమొస్తే గొంతు పెంచేది కాదు, ఇంకా తగ్గించేది. మందిచ్చే ముందు ప్రతి మనిషినీ నిండు పేరుతో పిలిచేది. “మందు మంచానికి పడదు, మనిషికి పడతాది” అనేది.

ఆ రోజుల్లోనే జర్మనీ నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. ఆమె వెనకే ఓడలో ఒక కారు మద్రాసు రేవులో దిగింది. ఊళ్లోవాళ్లు తాబేలు కారన్నారు. చదువుకున్న మేము దాని మీది అక్షరాలు కూడబలుక్కుని వోల్క్స్‌వ్యాగన్ అన్నాం. డాక్టరమ్మ విని ఊరుకునేది.

ఒక వానాకాలం, సముద్రపొడ్డు పాలెం నుంచి జ్వరంతో ఉన్న ఒకామెను మంచం మీద మోసుకొచ్చారు. పేరు చెంగాళమ్మ. డాక్టరమ్మ వంగి “షెంగలమా” అని ఎన్నిసార్లు పిలిచినా ఉలుకూ పలుకూ లేదు. స్పృహ తప్పిందనుకుని డాక్టరమ్మ ముఖం పాలిపోయింది. రోగి తల్లి గోడకానుకుని ఏడుపు మొదలుపెట్టింది. అక్క ఆ చెవి దగ్గర వంగి, ‘ళ’ నిండుగా పలుకుతూ “చెంగాళమ్మా” అంది.

ఆమె కళ్లు తెరిచి, “ఎవురది?” అంది.

ఆ సాయంత్రమే డాక్టరమ్మ తనకు ‘ళ’ నేర్పమని అక్కను అడిగింది. అప్పట్నుంచి సిరంజిలు మరుగుతున్నంతసేపూ పాఠమే. నాలుక ఎట్లా మడవాలో అక్క నోరు తెరిచి చూపించేది. నేను పక్కకు తిరిగి నవ్వుకునేదాన్ని. అక్క నవ్వలేదు. ఒకనాడు ఆమే అడిగింది:

“మీ కారు పేరు మేం సరిగ్గా అంటన్నామా డాక్టరమ్మా?”

వచ్చి ఇన్నాళ్లయినా ఆ మాట ఎవరూ అడగలేదట. మొదటి అక్షరం చూడ్డానికి ‘వ’లా ఉన్నా ‘ఫ’ అని పలకాలనీ, రెండో ముక్కలో ‘వ్యా’ కాదు ‘వా’ అనీ చెప్పింది. ఫోల్క్స్‌వాగన్. ప్రజల బండి అని అర్థమట. అక్క తనలో తాను రెండు మూడుసార్లు అనుకుని, “ఇంత మోత పెడతా, పేరేమో వాగను అంట” అంది. ఆ మాటకు అర్థం విడమరిచి చెబితే డాక్టరమ్మ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

ఇక అక్క ఆసుపత్రిలో ఒక్కరినీ వదల్లేదు. డ్రైవరు మాత్రం, తన నోరు తిరగదనీ, ఎట్లా పిలిచినా బండి నడుస్తుందనీ వాదించాడు. అక్క గొంతు తగ్గించింది.

“నోరు తిరక్క కాదబ్బయ్యా, మనసు తిరక్క. మన పేరు ఇంకొకరు విరగ్గొడితే ఎట్టుంటదో మనకు తెలవదా?”

అక్క వాళ్లమ్మ జీవితమంతా పరాయి మాగాణుల్లో నాట్లు వేసింది. ఆమెకూ ఒక పేరుందని ఆ పొలాలవాళ్లు ఏనాడూ తలవలేదు. ఆ సంగతి డ్రైవరుకూ తెలుసు. మర్నాటి నుంచి అతను కూడా సరిగ్గానే అన్నాడు.

డాక్టరమ్మకు మాత్రం ‘ళ’ పూర్తిగా రానే లేదు. తిరిగి వాళ్ల దేశం వెళ్లేదాకా ప్రయత్నిస్తూనే ఉంది. ఆమె తంటాలు చూసి రోగులు మంచాల మీద లేచి కూర్చుని, ఓపిగ్గా తమ పేర్లు తామే నేర్పేవాళ్లు.

అక్కను మట్టిచేసిన రోజు పాలేల నుంచి ఆడవాళ్లు వచ్చారు. చేపలు అమ్ముకోవడానికి బయల్దేరి, దారిలో విని, అట్లాగే మళ్లి వచ్చారు. వాళ్ల తట్టలు సమాధుల గోడ బయట వరసగా ఉన్నాయి. పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నంతసేపూ వాటి అడుగు నుంచి ఉప్పునీళ్లు ఇసుకలోకి కారుతూనే ఉన్నాయి.